తాళం లాగినవారు

తాళాలు వేసినవాళ్ళు లోకంలో కోట్లమంది. వేసిన తాళాన్ని తామే మరోసారి లాగి చూసుకున్నవాళ్ళూ తక్కువేమీ కాదు. కానీ తాళం వేసి, తాళంచెవి సంచీలో పడేసుకుని, ఆపైన దాన్ని పక్కింటివాళ్ళచేత లాగిస్తేగాని మెట్లు దిగని మనిషి, చరిత్రకి అందినంతవరకు, కేరళలో నీళ్ళ మధ్యనున్న కుట్టనాడు మొత్తానికి ఏలిక్కుట్టి టీచర్ ఒక్కతే. ఈ ఆచారం పుట్టిన తేదీ మీద భిన్నాభిప్రాయాలున్నాయి. ఆమె కాపురానికొచ్చిన ఏడాదే మొదలైందని చర్చి వైపువాళ్ళ వాదం. కాదు, ఆమె భర్త అవరాచన్ తాళంచెవిని తలుపుకే వేలాడదీసి కొట్టాయంలో పెళ్ళికి వెళ్ళొచ్చిన ఏడాది నుంచేనని పడవరేవువాళ్ళ వాదం. ఉభయపక్షాలూ ఒప్పుకునేది ఒక్కటే: ఇరవై రెండేళ్ళుగా, ప్రతిరోజూ ఉదయం ఎనిమిది పదికి, ఆ తాళం లాగే హక్కూ బాధ్యతా పక్కింటి పంకజాక్షివి.

పంకజాక్షి బాతుల మనిషి. టీచర్‌కి చేచ్చీ, అంటే అక్క. నూట ఎనభై బాతుల్ని కాలవలోకి తోలి, చేతిలో గడకర్రతోనే వచ్చి ఆ విధి నిర్వర్తించేది.

"లాగు చేచ్చీ."

"నిన్న లాగాను కదే ఏలీ."

"నిన్నటి తాళం నిన్నటితో సరి."

"ఏముందని నీ ఇంట్లో ఎత్తుకుపోతారే? పుస్తకాలా? బుద్ధున్న దొంగైతే నా బాతుల్ని ఎత్తుకుపోతాడు."

"వేసింది నేను. అందుకని నా కంటికి ఎప్పుడూ పడ్డట్టే కనిపిస్తుంది. నీ కంటికి నా మీద మొహమాటం లేదు. లాగు."

పంకజాక్షి లాగేది. తాళం ఊడేది కాదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఊడలేదు. టీచర్ రేవుకి పరుగెత్తేది. ఎనిమిది ఇరవై ప్రభుత్వ పడవ నడిపేది అవరాచనే అయినా, భార్య కోసం అర నిమిషం ఆపిన పాపాన పోలేదు. పడవ ప్రభుత్వానిది, పెళ్ళాం తనది, రెండింటినీ కలపకూడదని అతని సిద్ధాంతం.

ఇంత చిన్న అలవాటు, ఆమె పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీ పాఠ్యప్రణాళికలోకి ఎలా ఎక్కిందో చెప్పాలంటే ఆ మహా వరద సంగతి ఎత్తక తప్పదు.

ఆ ఏడాది ఊళ్ళకి ఊళ్ళు పడవలెక్కి వచ్చి కాలేజీలో తలదాచుకున్నాయి. డ్రాయింగ్ హాలు పడకగది అయింది. కంప్యూటర్ లాబులో చీరలు ఆరేశారు. గేటు దగ్గర బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళ పేర్లు నోటుపుస్తకాల్లో రాసింది ఏలిక్కుట్టి టీచర్. పధ్నాలుగు వందల పన్నెండు పేర్లు. ఎన్ని కుండల గంజి కాచాలో, ఎన్ని మందుబిళ్ళలు తెప్పించాలో, ఎవరింటి మనిషి ఏ గదిలో ఉన్నాడో, అన్నిటికీ ఆ పుస్తకాలే ఆధారం. నాలుగో రోజున రెండు పుస్తకాలు తడిసి అట్టలు కట్టాయి. ఎండలో పెట్టి, ఒక్కో కాగితం విడదీసి, మళ్ళీ ఎత్తి రాసింది. ఆ రాత పూర్తయ్యేలోపు ఒక తల్లి తన కూతురు అదే మేడ మీద ఉన్న సంగతి తెలియక రెండు రోజులు ఏడ్చింది. నీళ్ళు తగ్గాక కూడా ఆ ఏడుపు టీచర్ చెవిలోంచి పోలేదు.

కంప్యూటర్లు నేర్పే మనిషి నోటుపుస్తకాలు ఆరబెట్టుకోవడమేమిటని తనని తానే తిట్టుకుని వెతకడం మొదలుపెట్టింది. అప్పుడు దొరికింది, సహాయ శిబిరాల్లో పేర్లు నమోదు చేసే ఒక సాఫ్ట్‌వేర్. దాని పేరుకి గొడుగు అని అర్థం. మనమూ గొడుగనే అందాం. దానికి యజమాని లేడు. లోపలి రాతంతా బట్టబయలుగా ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, లోపముంటే దిద్ది పంపవచ్చు. పదిమంది చూసి బాగుందనుకుంటే అసలులో కలుపుతారు, లేకపోతే ఎందుకు బాగాలేదో చెబుతారు. భూకంపాలూ తుఫానులూ వచ్చిన చోటల్లా వాడుతున్నారు. వాడినవాళ్ళే దిద్దుతున్నారు.

టీచర్‌కి అది చదువుతుంటే సొంత పుట్టింట్లో అడుగుపెట్టినట్టనిపించింది. వెంటనే మూడో ఏడాది పిల్లలకి బుధవారం మధ్యాహ్నాలు ఒక తరగతి పెట్టించింది. టైమ్‌టేబుల్లో దాని అసలు పేరు ఒకటిన్నర వరుస ఆక్రమించేది. పిల్లలు గొడుగు క్లాసు అన్నారు. "వచ్చే వరదకి ఈ బల్ల దగ్గర మీరు కూర్చుంటారు. పనిముట్టు చెడితే విప్పి బాగుచేసుకోవడం మీకు రావాలి. అంతే సిలబస్" అని మొదటిరోజే చెప్పింది.

ప్రిన్సిపాల్ ఫాదర్ స్కరియా లెక్కల్లో డాక్టరేటు పుచ్చుకున్న మతగురువు. లెక్క తేలని పుణ్యం మీద ఆయనకి అంత గురి లేదు. రెండేళ్ళు చూసి, మూడో ఏడాది జనవరిలో టీచర్‌ని పిలిపించారు.

"ఈ పనికి పిల్లలకి జీతం ఎవరిస్తారు టీచర్?"

"ఎవరూ ఇవ్వరు ఫాదర్."

"పని ఎవరికోసం?"

"ఎవరో తెలీదు. ఎక్కడో మునిగినవాళ్ళకోసం."

"బాగా చేశారో లేదో చెప్పేదెవరు?"

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు."

ఫాదర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా మతమూ దాదాపు ఇదే చెబుతుంది. కానీ మేం దానికి ఆదివారం కేటాయించుకున్నాం. బుధవారం మధ్యాహ్నం నాకు ఉద్యోగాల ఇంటర్వ్యూలకి కావాలి."

"ఈ ఏడాది చూడండి ఫాదర్."

"చూస్తాను. రెండేళ్ళలో మన పిల్లల పని ఆ గొడుగులో ఒక్కటీ కలవలేదు. మార్చి ముప్పై ఒకటిలోగా ఒక్కటి కలిస్తే తరగతి ఉంటుంది. లేదా, జూన్ నుంచి ఆ రెండు గంటలూ టై కట్టుకోవడం, చేయి కలపడం నేర్పిస్తాం. ఆ మాస్టారు ఇప్పటికే రెండుసార్లు వచ్చి నాతో చేయి కలిపి వెళ్ళాడు."

ఆ ఏడాది తరగతిలో పన్నెండుమంది. లింటా అనే పిల్ల అందరికంటే చురుకు. ఆమె లాబు రికార్డు కాలేజీలో ఉమ్మడి ఆస్తి. ఆమె రాస్తే చాలు, మిగిలిన పదకొండుగురూ చూసి రాసినట్టే. ఐకే అని పిలిపించుకునే కుర్రాడొకడు చివరి బెంచీలో కూర్చునేవాడు. ఆ రెండక్షరాల వెనకున్న పూర్తి పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా బయటపడకుండా మూడేళ్ళు కాపాడుకున్నాడు.

మొదటి నెలంతా టీచర్ వాళ్ళచేత ఏమీ రాయించలేదు. గొడుగు మనుషులు ఒకరితో ఒకరు బహిరంగంగా చేసే చర్చలు చదవమంది. రెండో నెలలో, సందేహాలు తనని కాదు, వాళ్ళనే అడగమంది. ఇక్కడే మన నాగరికత అడ్డం వచ్చింది. లింటా రాసిన మొదటి ప్రశ్న ఇరవై మూడు వరుసలు. "పరమ గౌరవనీయులైన అయ్యగారి దివ్యసముఖానికి, తమ విధేయురాలు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా" అన్న ధోరణిలో ఇంగ్లీషులో సాగి, ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చాలక ఆగిపోయింది. గొడుగు పెద్దల్లో ఇంగ్విల్డ్ అనే నార్వే ఆవిడ ఉంది. బెర్గెన్‌లో ఉంటుంది. అక్కడా ఏడాదిలో సగానికి పైగా వానేనట. ఆవిడ జవాబు ఒకే వరుస: "నేను అయ్యగారిని కాదు. ఇంతకీ మీ ప్రశ్న ఏమిటి?"

"టీచరే, ఆవిడకి కోపం వచ్చింది" అంది లింటా, కళ్ళనీళ్ళ పర్యంతమై.

"కోపం కాదు మోళే, పని ఉంది. మళ్ళీ అడుగు. ఈసారి గౌరవం తగ్గించి, సంగతి పెంచు."

ఫిబ్రవరి రెండో వారంలో అసలు ఉపద్రవం వచ్చింది. గొడుగు సహాయపత్రంలో ఒక వాక్యం పాతబడిందని లింటా పట్టుకుంది. దిద్ది పంపింది. పది నిమిషాల్లో అదే దిద్దుబాటు నసీఫ్ అనే కుర్రాడి పేరున వెళ్ళింది. తర్వాత ఇంకో పది, అక్షరం తేడా లేకుండా. ఒకరు రాస్తే అందరూ రాసినట్టేనన్నది ఆ కాలేజీలో ముప్పై ఏళ్ళుగా అమల్లో ఉన్న న్యాయం. అది నార్వేలో చెల్లదని పిల్లలకెవరూ చెప్పలేదు. సాయంత్రం ఇంగ్విల్డ్ రాసింది: "ఒకే మనిషి పన్నెండు పేర్లతో ఆడుకుంటున్నట్టుంది. ఈ కాలేజీ నుంచి వచ్చేవన్నీ ప్రస్తుతానికి ఆపేస్తున్నాం."

మర్నాడు టీచర్ ఆ జవాబు తరగతికి చదివి వినిపించింది.

"ఎందుకు చేశార్రా?" అంది టీచర్.

నసీఫ్ లేచి నిలబడ్డాడు. "రికార్డు అనుకున్నాం టీచరే. రికార్డు ఎప్పుడూ అలాగే కదా రాసేది. లింటాకి కోపమొస్తుందేమో గాని, మీకు రాదనుకున్నాం."

"నాకు రాలేదు" అంది లింటా. "నా చేతిరాత కూడా దించేస్తారు వీళ్ళు. అలవాటైపోయింది."

ఆ ఆదివారం టీచర్ క్షమాపణ లేఖ రాసింది. పేజీన్నర. పంపేముందు ఆచారం ప్రకారం ఇంకో కన్ను కావాలి కనక, బాతులకి తవుడు కలుపుతున్న పంకజాక్షి పక్కన కూర్చుని దాన్ని మలయాళంలో చెప్పి వినిపించింది. కేరళ విద్యావ్యవస్థ పుట్టుపూర్వోత్తరాలూ, రికార్డు సంప్రదాయమూ, యువత మనస్తత్వమూ అన్నీ వచ్చాయి.

పంకజాక్షి తవుడు చేతులు దులుపుకుంది. "ఎవరిదే తప్పు?"

"మాదే."

"మళ్ళీ చేస్తారా?"

"చెయ్యరు."

"మరి ఆ రెండూ చెప్పు. మిగిలిందంతా ఎందుకు? నా బాతు నీ పెరట్లో పడితే నేను వచ్చి బాతుల వంశచరిత్ర చెబుతానా?"

టీచర్ రెండు వాక్యాలే పంపింది. మర్నాడే గొడుగు తలుపు వాళ్ళకి మళ్ళీ తెరుచుకుంది.

ఆ బుధవారం టీచర్ తరగతిలో ఒక కొత్త నియమం పెట్టింది. ఏ పనీ రాసినవాడి చేతుల మీదుగా పోకూడదు. పక్కవాడు చదవాలి, నడిపి చూడాలి, చెడగొట్టడానికి ప్రయత్నించాలి. చెడకపోతే కింద తన పేరు రాయాలి. ఆమె వివరించబోయేలోపే వెనక బెంచీ నుంచి నసీఫ్ అన్నాడు: "అంటే, తాళం లాగాలి." పడవలో వచ్చే పిల్లలందరికీ ఆ తాళం కథ తెలుసు. తరగతి ఘొల్లుమంది. టీచర్ కూడా నవ్వింది.

నవ్వాక, ఆ రెండు పక్షాల పండితులకీ తెలియని సంగతి చెప్పింది. "మా చాచన్, అంటే మా నాన్న, పొలాల నీళ్ళు తోడే మోటారు నడిపేవాడు. మన పొలాలు నీటి మట్టానికి కిందుంటాయి కదా, గట్టు తెగితే అంతే. అందుకని రోజూ గట్టు మీద ఇద్దరు నడిచేవాళ్ళు. పక్కపక్కన కాదు, ఒకడి వెనక ఒకడు, అరగంట తేడాలో. ముందువాడు బాగుందన్నాక కూడా రెండోవాడు నడిచేవాడు. ఒక ఏడాది రెండోవాడికి జ్వరమొచ్చింది. ముందువాడు మా నాన్నే. బాగానే ఉందని చెప్పాడు. ఆ ఏడాది మా ఇంట్లో కొత్త బియ్యం లేవు."

ఆ రోజు నుంచి పిల్లలు పంపే ప్రతిదాని కింద ఒక వరుస చేరింది. తాళం లాగినవారు: ఫలానా.

మార్చి మొదటి వారం. ఇంకా ఏదీ కలవలేదు. చిన్నచిన్న దిద్దుబాట్లన్నీ అంతకుముందే ఎవరో చేసేశారు. అప్పుడు టీచర్ ఇంటి నుంచి ఒక బియ్యపు సంచీ మోసుకొచ్చింది. అందులో వరదనాటి నోటుపుస్తకాలున్నాయి. "లోపం కోసం తెర మీద వెతికితే దొరకదు. మన ఊరివాళ్ళని గొడుగు కిందికి తీసుకొద్దాం. ఎవరు తడుస్తారో చూద్దాం" అంది.

పన్నెండుమందీ పంచుకుని రెండు మధ్యాహ్నాల్లో పేర్లన్నీ ఎక్కించారు. పుస్తకాల్లో పధ్నాలుగు వందల పన్నెండు. గొడుగు కింద పదమూడు వందల డెబ్బై ఒకటి.

"ఎవరో పేజీ తిప్పేశారు" అంది లింటా.

ఎవరూ తిప్పలేదు. మళ్ళీ సరిచూశారు. నలభై ఒక్కమంది మాయం. ఎవరా అని ఒక్కొక్కరినే వెతుకుతుంటే, చివరి బెంచీ నుంచి ఐకే మెల్లిగా లేచాడు. మొహం కందగడ్డలా ఉంది.

"టీచరే, నేను మా అప్పచ్చన్ని మింగేశాను."

"ఏమిట్రా?"

"మా తాతని. వరదలో మేమిద్దరం ఇక్కడే ఉన్నాం. పుస్తకంలో ఇద్దరం ఉన్నాం. ఇందులో నేనొక్కణ్ణే ఉన్నాను." మూడేళ్ళ రహస్యం బయటపెట్టాడు. "నా పూర్తి పేరు ఇట్టూప్ కోర. ఆయన పేరూ అదే."

ఇట్టూప్ అన్న పేరు పుట్టిన పిల్లలకి పెట్టడం మానేసి యాభై ఏళ్ళయింది. కానీ నవ్వబోయిన తరగతి సగంలోనే ఆగింది, ఎందుకంటే సగంమందికి తమ ఇళ్ళల్లో పేర్లు గుర్తొచ్చాయి. అక్కడి క్రైస్తవ కుటుంబాల్లో పెద్దకొడుక్కి తాత పేరు పెడతారు, దాని వెనక తండ్రి పేరు చేరుస్తారు. ఇట్టూప్ కోర కొడుకు కోర ఇట్టూప్. కోర ఇట్టూప్ కొడుకు మళ్ళీ ఇట్టూప్ కోర. ఒక తరం విడిచి ఒక తరం, అదే ఇల్లు, అదే పేరు. గొడుగు ఏం చేసిందంటే, ఒకే ఇంట్లో ఒకే పేరు రెండోసారి కనబడగానే, హడావుడిలో ఎవరో రెండుసార్లు రాశారనుకుని మొదటిది తుడిచేసింది. వయసు చూడదు. శిబిరాల్లో చెప్పే వయసుల మీద ఎవరికీ నమ్మకం లేదు. మర్యాద తెలిసిన ఊరు కనక పెద్దవాళ్ళ పేర్లే ముందు రాస్తారు. అంచేత మనవడు రాగానే తాత పోయాడు. పోయిన నలభై ఒక్కరూ తాతలే.

"మా తాతకి చక్కెర జబ్బు" అన్నాడు ఇట్టూప్. "రోజూ ఇంజెక్షన్. ఈ లెక్క ప్రకారం మందు తెప్పిస్తే..."

"ఇదీ మన పని" అంది టీచర్.

పరిష్కారం కోసం మూడు రోజులు కొట్టుకున్నారు. తాతల్ని గుర్తుపట్టే కృత్రిమ మేధ ఒకటి తయారుచేద్దామంది లింటా. వేలిముద్రలన్నాడు నసీఫ్. టీచర్ అందరి మాటా విని, "పొద్దున్నే నేనేం చేస్తానో అది చేయించండి" అంది. యంత్రం తనంతట తాను తుడవకూడదు. బల్ల దగ్గరున్న మనిషికి ఇద్దరి వివరాలూ పక్కపక్కన చూపించి అడగాలి. యంత్రం వేసిన తాళాన్ని మనిషి లాగాలి.

ఇట్టూప్ రాశాడు. లింటా తాళం లాగింది, రెండుసార్లు ఊడింది, మూడోసారి నిలిచింది. ఇక తెర మీద అడిగే ప్రశ్న మిగిలింది. శిబిరంలో బల్ల దగ్గర ఎవరైనా కూర్చోవచ్చు కనక, కంప్యూటర్ ముట్టని మనిషిచేత చూపించాలని టీచర్ పట్టు. పంకజాక్షిని పడవెక్కించి తెచ్చింది. ఇరవై రెండేళ్ళలో అవరాచన్ మొదటిసారి పడవ ఒక నిమిషం ఆపాడు, అది పంకజాక్షి కోసం.

నసీఫ్ తెర మీద ప్రశ్న చదివి వినిపించాడు: "పై నమోదులు పునరుక్తమైనవిగా ధ్రువీకరించి విలీనం చేయదలిచారా?"

పంకజాక్షి అతని వంక జాలిగా చూసింది. "నీకు ఒంట్లో బాగానే ఉందా మోనే?"

"అంటే అమ్మమ్మా, వీళ్ళిద్దరూ..."

"అది చెప్పు. వీళ్ళు ఒక్కరా, ఇద్దరా?"

నసీఫ్ టీచర్ వంక చూశాడు. టీచర్ తల ఊపింది. ప్రశ్న అదే అయింది. పంపేటప్పుడు ఇట్టూప్ కింద రాశాడు. తాళం లాగినవారు: లింటా, పంకజాక్షి.

మార్చి పదిహేడున పంపారు. ఇంగ్విల్డ్ ఒప్పుకోలేదు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరుండటం అరుదు కదా, దానికోసం ప్రతి శిబిరంలోనూ పని ఆపి ప్రశ్న అడగాలా అంది. మరో ఇద్దరు పెద్దలు ఆవిడ మాట సమంజసమన్నారు. రోజులు గడుస్తున్నాయి. ఫాదర్ స్కరియా వరండాలో ఎదురైనప్పుడల్లా క్యాలెండర్‌లాగా నవ్వేవారు. చేయి కలిపే మాస్టారు వచ్చి లాబు కొలతలు తీసుకుని వెళ్ళాడు.

"నేను జవాబు రాయనా?" అని అడిగింది లింటా. "మర్యాదగానే రాస్తాను."

"వద్దు. ఎవడి తాతో వాడే రాయాలి" అంది టీచర్.

ఇట్టూప్ సెలవు పెట్టి తాతని వెంటబెట్టుకుని చర్చికి వెళ్ళాడు. రెండు వందల ఏళ్ళ బాప్తిస్మం పుస్తకంలోంచి తమ ఇంటి ఏడు తరాల పేర్లు వరసగా ఎత్తి రాశాడు. ఇట్టూప్ కోర, కోర ఇట్టూప్, ఇట్టూప్ కోర, కోర ఇట్టూప్, అలా చివరిదాకా. కింద ఒక్క వాక్యం చేర్చాడు: "ఈ వరసలో చివరివాణ్ణి నేను. మీ ప్రోగ్రాం మా తాతని తుడిచేసింది. ఆయన బతికే ఉన్నాడు, ఈ పేర్లు చదివి వినిపించింది ఆయనే." మూడేళ్ళు దాచుకున్న పేరు ప్రపంచం మొత్తానికి కనబడేలా పూర్తిగా సంతకం చేశాడు.

ఆపైన రెండు రోజులు చర్చ వరదలా వచ్చింది. గ్రీసు ద్వీపవాసి ఒకాయన, తన తాతా తనూ ఇద్దరు పినతండ్రి కొడుకులూ నలుగురిదీ ఒకే పేరని, వేసవిలో నలుగురూ ఒకే ఇంట్లో ఉంటామని, భూకంపం గనక వస్తే ముగ్గురికి గంజి దొరకదని రాశాడు. మన అమలాపురం కుర్రాడొకడు ఎక్కడినుంచో వచ్చి, తమ ఇళ్ళలోనూ మనవడికి తాత పేరే పెడతారని, కాకపోతే కోడలు మామగారి పేరు పెట్టి పిలవకూడదు కనక పిల్లాణ్ణి బుజ్జి అంటారని, శిబిరంలో మాత్రం బుజ్జి అని రాయించుకోలేం కదా అని వాపోయాడు. నిర్ణయం మాత్రం ఇంగ్విల్డ్ చేతిలోనే ఉంది.

మార్చి ముప్పై ఒకటి. మధ్యాహ్నం ఒకటిన్నర. పిల్లలెవరూ అన్నానికి లేవలేదు. టీచర్ మేజా మీద అరటికాయ బజ్జీలు చల్లారిపోతున్నాయి. ఫాదర్ స్కరియా చేతిలో తరగతి రద్దు కాగితంతో, వెనక చేయి కలిపే మాస్టారితో లోపలికొచ్చారు.

"టీచర్, సంతకం..."

"సాయంత్రం అయిదుదాకా మార్చే ఫాదర్."

"అయిదుకి నాకు ప్రార్థన ఉంది."

అప్పుడే లింటా కేక వేసింది. కేకలో మాటలు లేవు. అందరూ ఒక్క తెర మీద పడ్డారు. ఇంగ్విల్డ్ రాసింది:

"పాత నమోదులు వెతికాను. నాలుగు దేశాల్లో మూడు వందల పంతొమ్మిది మంది ముసలివాళ్ళు ఇలాగే పోయారు. ఇన్నేళ్ళూ మాలో ఎవరికీ కనబడలేదు, ఎందుకంటే అది రాసింది మేమే. ఇట్టూప్, మీ మార్పు కలిపాను. ఇక మీద మేం కూడా తాళం లాగినవారి పేరు రాస్తాం. ఈ పంకజాక్షి ఎవరో గాని, ఆవిడ ప్రశ్న మా అందరి ప్రశ్నలకంటే బాగుంది. ఆవిడ ఏ సంస్థలో పనిచేస్తారు?"

ఆ తర్వాత లాబులో జరిగినదాన్ని క్రమశిక్షణ దృష్ట్యా వర్ణించకపోవడమే మంచిది. బెంచీలు ఎక్కినవాళ్ళ పేర్లు కాలేజీ రికార్డుల్లో లేవు. నసీఫ్ చేయి కలిపే మాస్టారిని కావలించుకున్నాడు. ఆయన తన వృత్తిధర్మం ప్రకారం చేయి కలపబోయి కుదరక కావలించుకునే ఊరుకున్నాడు. టీచర్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "ఇంకోసారి చదవరా ఇట్టూప్. నా కంటికి అలా కనిపిస్తోందేమో" అంది.

ఫాదర్ వంగి తానే చదివారు. మొత్తం చదివారు. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, బజ్జీ ఒకటి తీసుకుని, "సంస్థ పేరు ఏమని రాస్తారు?" అని మాత్రం అడిగారు.

"నూట ఎనభై బాతులని" అంది టీచర్.

జూలైలో నీళ్ళొచ్చాయి. మహా వరదంత కాదు గాని, శిబిరం తెరవడానికి సరిపోయేంత. గేటు దగ్గర బల్ల వేసి, నోటుపుస్తకం బదులు కంప్యూటర్ పెట్టి, లింటా కూర్చుంది. రెండో రోజు ఉదయం ఒక పడవ వచ్చి ఆగింది. ముందు పెద్ద ఇట్టూప్, గొడుగు కింద, ఎవరి చేయీ పట్టుకోకుండా. వెనక మందుల డబ్బా పట్టుకుని చిన్న ఇట్టూప్.

"పేరు చెప్పండి అప్పచ్చా" అంది లింటా, తెలిసినా.

"ఇట్టూప్ కోర."

రాసింది. మనవడి వంక తిరిగింది. "నీ పేరో?"

"ఇట్టూప్ కోర" అన్నాడు వాడు, గేటు దాకా వినిపించేలా.

తెర మీద ప్రశ్న లేచింది: వీళ్ళు ఒక్కరా, ఇద్దరా? పక్కపక్కన ఇద్దరి వయసులు, ఎనభై ఒకటీ, ఇరవై.

ముసలాయన కళ్ళు చికిలించి తెరలోకి చూశాడు. "ఏమంటుందే అది?"

"మీరిద్దరూ ఒక్కరేనా అని అడుగుతోంది."

"వీడా, నేనా? వీడికి ఈత కూడా రాదు. ఇద్దరని కొట్టు."

ఇద్దరని కొట్టింది. ఆ సాయంత్రం మందుల జాబితాలో ఒక ఇంజెక్షన్ ఎక్కువొచ్చింది. ఆ శిబిరం మూతపడేదాకా పన్నెండు రోజుల్లో ఆ ప్రశ్న ఇరవై ఆరుసార్లు లేచింది. ఇరవై ఐదుసార్లు జవాబు ఇద్దరు. ఒక్కసారి నిజంగానే ఒక్కరు, పంకజాక్షే. అన్నం మళ్ళీ పెడతారేమోనని రెండోసారి వరసలో నిలబడింది. పట్టుబడ్డాక, తాళం లాగి చూశానంది.

నీళ్ళు తీసిన వారానికి కాలేజీలో సభ జరిగింది. గేటుకి నలభై అడుగుల బ్యానర్ కట్టారు. అందులో ఫాదర్ స్కరియా బొమ్మ పెద్దది, పిల్లలవి చిన్నవి, టీచర్‌ది పుష్పగుచ్ఛం చాటున సగం. ఆహ్వానితుల్లో పంకజాక్షి మొదటి వరసలో కూర్చుంది. బుధవారం మధ్యాహ్నాలు ఇక శాశ్వతంగా గొడుగు క్లాసువేనని, పక్క కాలేజీలు కూడా అడుగుతున్నాయని ఫాదర్ ప్రకటించారు. ఈ దృష్టి తనకి మొదటినుంచీ ఉందని కూడా సెలవిచ్చారు. టీచర్ చప్పట్లు కొట్టింది, మనస్ఫూర్తిగానే.

"మన కుట్టనాడు పిల్లలు" అని ఆయన చేయెత్తి ముగించారు, "ఏడు సముద్రాల అవతల వాళ్ళు రాసుకున్న మహాగ్రంథాన్ని తిరగరాశారు!"

పంకజాక్షి పక్కకి వంగి టీచర్ చెవిలో అడిగింది: "ఎంత రాశారే?"

"తొమ్మిది వరుసలు" అంది ఏలిక్కుట్టి టీచర్. "అందులో రెండు ఖాళీవి."